వెన్ను మోగించే మనిషి

బస్టాండు దగ్గర కొత్త ఫ్లెక్సీ కట్టారు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, జోడించిన చేతులు, నవ్వు. కింద రెండు పావురాలు, ఒక దీపం. "మా ఊరి వెన్నెముక విరిగిపోయింది" అని పెద్ద అక్షరాలు. రాసినవాళ్ళు బాధతోనే రాశారు, వేళాకోళానికి కాదు. బతికి ఉండగా ఆయన మెడలో స్టెతస్కోపు ఎవరూ చూడలేదు. ఫ్లెక్సీలు కొట్టేవాళ్ళ దగ్గర డాక్టరు ఒళ్ళు ఒకటి సిద్ధంగా ఉంటుంది, పైన తల మారుస్తారు. దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తుంది. ముఖం చామనచాయ, మెడ తెలుపు. అతుకు సరిగ్గా కుదరలేదు.

గుండెపోటట. పాలప్యాకెట్ల కోసం బాబుని చంకనేసుకుని వెళ్ళినదాన్ని ఆ ఫ్లెక్సీ కింద కాసేపు నిలబడ్డాను. దుఃఖం రాలేదు, సంతోషమూ కలగలేదు. బాబు మెడ వెనక చెయ్యి వేసి ఒకసారి తడిమి చూసుకున్నాను. అది నాకు అలవాటైపోయింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ పని మా ఊరు శ్రద్ధగా చేస్తోంది. వాట్సాప్ స్టేటస్‌లో ఆయన ఫోటో పెట్టని ఇల్లు లేదు. నేనొక్కదాన్ని మంచి చెప్పకపోతే ఆయనకొచ్చే లోటేమీ ఉండదు. బాబు నిద్రపోయాక కూర్చుని ఇది రాసుకుంటున్నాను.

మాది పర్చూరు వైపు పెద్ద ఊరు. మిరప, పత్తి. ఊరి చివర రోడ్డు పక్కన ఒకప్పుడు మిరపకాయలు నిలవచేసిన గోడౌను ఉంది. కోల్డ్ స్టోరేజీలు వచ్చాక అది ఖాళీ పడింది. ఆయన దాన్ని అద్దెకు తీసుకుని, మధ్యలో ప్లైవుడ్ అడ్డం కొట్టించి, "కైరో వెన్నెముక కేంద్రం, ఆపరేషన్ అవసరం లేదు" అని బోర్డు పెట్టాడు. కైరోప్రాక్టిక్ అని ఆ చదువు నిజంగానే ఉందట. విదేశాల్లో ఏళ్ళ తరబడి కాలేజీకి వెళ్ళి నేర్చుకుంటారట. ఎవరి మెడ ముట్టుకోవచ్చో, ఎవరి మెడ ముట్టుకోకూడదో అక్కడ నేర్పుతారట. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఆయన ఒకరికి బెంగుళూరు అని, ఒకరికి కేరళ అని, మా అత్తయ్యకి మలేషియా అని చెప్పాడు. ఈ మూడు సంగతులూ ఒకరోజు మా వరండాలో కలుసుకున్నాయి. మా అత్తయ్య ఏమాత్రం తడబడలేదు. "మూడుచోట్లా నేర్చుకున్నాడన్నమాట" అంది.

ఊళ్ళో అందరూ ఆయన్ని వెన్ను డాక్టరు అనేవాళ్ళు. పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం రోకళ్ళలా ఉండేవి. వేలికి ఎర్రరాయి ఉంగరం. పని మొదలుపెట్టే ముందు దాన్ని తీసి, పక్కన కొక్కేనికి వేలాడే ప్లాస్టిక్ వెన్నెముక మీద పెట్టేవాడు. ఆ ప్లాస్టిక్ వెన్నెముకకి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. శుక్రవారం నాడు దానికి మల్లెపూల దండ కూడా ఉండేది. వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి, ముందు దానికి దండం పెట్టుకుని తరవాత బల్ల ఎక్కేవాళ్ళు. ఆయన వద్దనలేదు. మొక్కించుకునేది బొమ్మే కదా, తనకేం పోయింది.

ఆ గోడౌనులో మిరప ఘాటు పోలేదు. ఎన్నిసార్లు సున్నం వేయించినా గోడల్లోంచి వస్తూనే ఉండేది. లోపల అడుగుపెట్టగానే తుమ్ము. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి తుమ్మంటే ఎంత భయమో అది పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఒక్క తుమ్ముకి నడుంలో మేకు దిగినట్టుంటుంది. బెంచీల మీద వరసగా కూర్చున్నవాళ్ళు కొంగులు, తువ్వాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒకరి తరవాత ఒకరు తుమ్ముతూ "అమ్మో" "సచ్చాన్రా దేవుడా" అని మూలుగుతుండేవాళ్ళు. వైద్యం అయ్యాక బయట గాలిలో పడేసరికి తుమ్ములు ఆగేవి. తుమ్ములు ఆగితే పోట్లు ఆగేవి. "వచ్చినప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా" అనుకుంటూ ఆటో ఎక్కేవాళ్ళు. సగం వైద్యం ఆ గుమ్మం దాటడమే.

మిగతా సగం చప్పుడు.

బల్ల మీద పడుకున్న మనిషి చొక్కా కాలరుకో జాకెట్టు అంచుకో ఆయన భార్య ఒక చిన్న మైకు తగిలించేది. వీడియోలు తీసేవాళ్ళు పెట్టుకుంటారే, అలాంటిది. ఆవిడ దాన్ని తగిలించి, స్విచ్ నొక్కి, గోడవైపు తిరిగి నిలబడేది. బయట హాల్లో, బెంచీల పైన ఒక స్పీకరు. లోపల వెన్ను విరిచినప్పుడల్లా బయట పిడకలు విరిగినట్టు టక్కుటక్కున వినపడేది. బెంచీల మీద వాళ్ళు ఒక్కసారిగా తల ఊపేవాళ్ళు. "మోగింది." "మెడ అది, మెడ వేరేగా మోగుద్ది." "పాపం ఎన్నాళ్ళ నించి పట్టుకుందో." వైద్యం చేయించుకున్నవాళ్ళు బయటికి రాగానే అడిగేది నొప్పి తగ్గిందా అని కాదు, ఎన్ని మోగాయి అని. తక్కువ మోగినవాళ్ళు కాస్త చిన్నబోయేవాళ్ళు.

ఈ పిచ్చి ఎక్కడిదా అని చాలారోజులు ఆలోచించాను. ఒకరోజు మా అత్తయ్య బాబుకి దిష్టి తీస్తుంటే తెలిసింది. రెండు చేతులూ బిడ్డ ముఖం ముందు తిప్పి, వేళ్ళు మడిచి, తన కణతలకి ఆనించి నొక్కుతుంది. మెటికలు టపటపా విరుగుతాయి. "చూశావా ఎంత దిష్టో" అంటుంది. ఎన్ని విరిగితే అంత చెడు పోయినట్టు. ఎముక చప్పుడు చేస్తే ఒంట్లోంచి ఏదో వదిలిపోతుందని మనకి ఉగ్గుపాలతోనే పట్టించారు. ఆయన కనిపెట్టింది మనిషి వెన్నెముకని కాదు, ఈ సంగతిని.

నా నడుం సంగతీ చెప్పాలి. నాకు ఆపరేషన్ కాన్పు. వెన్నులో మత్తుసూది ఇచ్చారు. ఆ తరవాత నడుంనొప్పి వస్తే మా ఊళ్ళో దానికి ఇంకో కారణం ఉండదు. వంకరగా కూర్చుని పాలిచ్చినందుకు కాదు, వంగి నీళ్ళు పోసినందుకు కాదు, నిద్ర లేనందుకు కాదు. సూదే. బాబుని ఉయ్యాల్లోంచి ఎత్తబోతే సగంలో నడుం పట్టేసేది. వాడు ఏడుస్తుంటే ఎత్తుకోలేక, ఉయ్యాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని.

మా ఆయన గుంటూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు ఫిల్మును లైటుకి పెట్టి చూశాడు. "డిస్కులు బాగానే ఉన్నాయి. సూదికీ దీనికీ సంబంధం లేదు. కండరాల నొప్పి. కింద ఫిజియోథెరపీ ఉంది, వ్యాయామాలు చూపిస్తారు. బరువులెత్తొద్దు."

"బాబుని ఎత్తుకోవాలి కదండీ" అన్నాను.

"ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుకుంటారు" అన్నాడు రాస్తూనే. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు, మొదటిసారి. "ఆ విరిచేవాళ్ళ దగ్గరికిగానీ వెళ్ళారా?"

"లేదండి."

"అందరూ లేదనే అంటారు. వెళ్ళకండి. వెన్నుపూస ఏమన్నా గేటు గొళ్ళెమా, జారితే తగిలించడానికి? అక్కడ పాడుచేసుకుని ఇక్కడికి ఏడుస్తూ వస్తారు. అప్పుడు మేం కసాయివాళ్ళం."

బయటికి వస్తే, ఆయన కుర్చీల్లోనే కూర్చుని ఆయన పేషెంట్లు మా ఊరి వెన్ను డాక్టరు అడ్రసు చెప్పుకుంటున్నారు. "ఇక్కడ ఫిల్ము తీయించుకుని అక్కడికి పోవాలయ్యా" అంటున్నాడు నడుముకి బెల్టు కట్టుకున్న పెద్దాయన. "ఆయన ఫిల్ము చూడడుగా బాబాయ్?" అన్నాడు పక్కన కుర్రాడు. "చూడకపోతే ఏం, మన తృప్తికి."

గుంటూరు డాక్టరు చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. కానీ నొప్పి ఎక్కడో నేను చెయ్యి వెనక్కి పెట్టి చూపించబోయేలోపు తరవాతి పేరు పిలిచేశారు. ఆయన నన్ను ముట్టుకోలేదు. ఆ ఖాళీజాగాలోనే మా ఊరి మనిషి బోర్డు పెట్టుకున్నాడు. "వాళ్ళు ఫోటో చూసి వైద్యం చేస్తారమ్మా. ఫోటోకి నొప్పి ఉంటుందా?" అనేవాడు. ఈ ఒక్క మాట మీద ఆయన ఎన్నేళ్ళు బతికాడో. మిరపకోతల ఆడవాళ్ళ దగ్గర్నుంచి బడిపంతుళ్ళ దాకా దాన్ని తమ సొంతమాటలా చెప్పుకునేవాళ్ళు. చెప్పకేం చేస్తారు, అందులో కొంచెం నిజం ఉంది. అబద్ధాన్ని నిలబెట్టడానికి ఆ కొంచెం చాలు.

అత్తయ్య పోరు పడలేక నేనూ ఒకసారి ఆ బల్ల ఎక్కాను.

"చదువుకున్నావా అమ్మా?" అన్నాడు ఉంగరం తీస్తూ.

"డిగ్రీ. జువాలజీ."

"అయితే ఆలస్యమవుద్ది. చదువుకున్నోళ్ళ వెన్ను తొందరగా మోగదు. లోపల గట్టిగా పట్టుకుని ఉంటారు. నీకు సూది తాలూకు గాలి నిలబడిపోయింది, అదీ సంగతి."

వెన్నులో గాలి ఎక్కడ నిలబడుతుందో ఏ జువాలజీలోనూ లేదు. కానీ బోర్లా పడుకుని ఉన్న మనిషికి వాదించే ఓపిక ఉండదు. నొక్కే ముందు ఆయన తల పైకెత్తి ఫ్యాను వంక చూసేవాడు. పెదాలు కదిలేవి. ఆడవాళ్ళ ఒంటి వంక చూడకుండా కళ్ళు పైకి పెట్టుకుంటాడని, ఏదో మంత్రం చదువుకుంటాడని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆయన కిందే ఉన్నాను కనక నాకు వినపడింది. వన్, టూ, త్రీ. అదే మంత్రం.

నాదీ మోగింది. ఒక గంటసేపు ఒళ్ళు తేలిగ్గా, వేడిగా ఉంది. ఆ గంట నిజమే. సాయంత్రం బాబుని ఎత్తబోతే మళ్ళీ సగంలోనే పట్టేసింది. నన్ను బాగుచేసింది గుంటూరులో కింద గదిలో చూపించిన వ్యాయామాలు. తలుపేసుకుని, చాప మీద, ఎవరూ చప్పుడు వినని వ్యాయామాలు. కొన్ని వారాలు పట్టింది. ఊళ్ళో మాత్రం వెన్ను డాక్టరు దగ్గర ఒక్కసారికే తగ్గిందని చెప్పుకున్నారు.

అందరిదీ ఇదే కథ. కాయకోతల కాలంలో ఆ హాలు కిటకిటలాడేది. పొద్దుట్నించీ చెట్టుకి వంగి కాయ కోసేవాళ్ళు, కల్లంలో తల వంచుకుని తాలుకాయ ఏరేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు. కోతలు ముగిశాక వంగే పని ఉండదు, నొప్పి దానంతటదే పోతుంది. పోయినప్పుడు ఎవరి చెయ్యి ఆఖరున పడిందో వాళ్ళకే దండం. మా అత్తయ్యకి మెడనొప్పి ప్రతి ఏడాదీ కల్లంతో వచ్చి కల్లంతో పోయేది. "ఈ ఏడు కూడా ఆయనే తీశాడు" అనేది. "మరి మళ్ళీ ఎందుకొచ్చింది అత్తయ్యా?" అంటే, "అన్నం తిన్నాక మళ్ళీ ఆకలెయ్యట్లా?" అనేది. ఆవిడతో మాట్లాడి గెలవడం కష్టం.

ఇంతవరకూ అయితే ఆయన నాకు ఒక నవ్వులాట. బాబు సంగతి వచ్చేదాకా.

బాబుకి నెలలు నిండుతున్నా తల కుడివైపుకే వాల్చేవాడు. ఎడమవైపు పిలిస్తే కళ్ళు తిప్పేవాడుగానీ మెడ తిప్పేవాడు కాదు. నాకు తిండి సహించేది కాదు. ఫోనులో చదవకూడనివన్నీ చదివాను. చిలకలూరిపేటలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ బాబుని ఒళ్ళో పెట్టుకుని, మెడ రెండువైపులా వేళ్ళతో తడిమి, "ఒకవైపు కండరం కాస్త బిగుసుకుంది, భయపడకమ్మా" అంది. బోర్లా పడుకోబెట్టమంది, బొమ్మ ఎడమవైపు ఆడించమంది, మెల్లగా ఎలా తిప్పాలో నా చేతులు పట్టుకుని చూపించింది. నెలలు పడుతుందంది.

"మందు రాయలేదేంటమ్మా?" అంది అత్తయ్య.

"మందు అక్కర్లేదు పెద్దమ్మా."

బయటికి రాగానే అత్తయ్య మొదలుపెట్టింది. "మందు రాయని డాక్టరు దగ్గరికి ఇంత దూరం రావాలా? బొమ్మ ఆడించడం మనకి తెలవదా?"

"అత్తయ్యా, బాబుని ఆయన దగ్గరికి మాత్రం తీసుకెళ్ళొద్దు" అన్నాను ముందే.

"నేనేమన్నా తీసుకెళ్తానన్నానా?" అంది. అననంతమాత్రాన వెళ్ళదని కాదు. మా ఆయనకి చెప్తే, "అమ్మ అలాంటి పని చెయ్యదులే" అన్నాడు. కొడుకులకి తల్లులు తెలియరు.

ఒకరోజు నేను తలంటుకుని బయటికి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీ. పక్కింటి ఆవిడ గోడ మీంచి చెప్పింది. "మీ అత్తగారు బాబునెత్తుకుని ఆటో ఎక్కిందమ్మాయ్. వెన్ను డాక్టరు దగ్గరికంట. నీకు చెప్పలా?"

తడిజుట్టుతోనే స్కూటీ తీశాను. దారిలో ఏం ఆలోచించానో గుర్తులేదు. పిందె తొడిమ ఎంత తేలిగ్గా విరుగుతుందో, అదొక్కటే కళ్ళముందు ఉంది.

హాల్లోకి అడుగుపెడితే స్పీకర్లో మా బాబు గొంతు. ఉంగా, ఉంగా అంటున్నాడు. వాడికి మైకు పెట్టారు. వెనకే అత్తయ్య మాట. "కుడివైపే వాలుస్తున్నాడు డాక్టరు గారూ. మీ చెయ్యి పడితే చాలు."

"పసివాడు కదమ్మా" అంది ఆయన గొంతు.

"లేతగా ఉన్నప్పుడేగా వంగేది."

ఉంగరం తీసి పెట్టిన చప్పుడు. తరవాత, "సరే, కదలకుండా పట్టుకోండి."

బెంచీల మధ్యనుంచి తోసుకుంటూ వెళ్తుంటే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండమ్మాయ్, వరస ఉందిగా." ఇంకెవరో, "ఊరుకోండే, చప్పుడు వినపడదు" అన్నారు.

ప్లైవుడ్ గుమ్మానికి వేసిన తెర పక్కకి లాగాను. అత్తయ్య ఒళ్ళో బాబు, ఆవిడ పైటచెంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. ఆయన తల పైకెత్తి ఫ్యాను వంక చూస్తున్నాడు. ఒక చెయ్యి బాబు మెడ వెనక ఉంది. అప్పుడు చూశాను, ఆ చెయ్యి మెడకి తగలడం లేదు. మెడకీ చేతికీ మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీలో ఆయన బొటనవేలు చూపుడువేలి మీద పడి నొక్కింది. మెటిక విరిగింది. టక్.

బయట స్పీకర్లో అదే చప్పుడు పెద్దగా. "మోగింది" అన్నారు బెంచీల మీద వాళ్ళు. "పసిగుడ్డుది, ఎంత ముద్దుగా మోగిందో."

బాబు చెంగు చప్పరిస్తూనే ఉన్నాడు. ఆయన కళ్ళు ఫ్యాను మీంచి దిగి నా కళ్ళని తాకి మళ్ళీ పైకి వెళ్ళిపోయాయి. "పసివాళ్ళకి ఒక్కటి చాలమ్మా" అన్నాడు అత్తయ్యతో. "మళ్ళీ తీసుకురావద్దు. ఆ డాక్టరమ్మ ఏం చెప్పిందో అది చెయ్యండి."

నేను బాబుని లాక్కుని గుండెలకి అదుముకున్నాను. అత్తయ్య నా వంక చూడలేదు. "ఎటూ వచ్చాగా, నా మెడ కూడా చూడండి" అని బల్ల ఎక్కింది.

"వద్దత్తయ్యా."

"నువ్వు బిడ్డనెత్తుకుని బయట కూర్చో."

ఆయన ఆవిడ గడ్డం ఒక చేత్తో, వెనక తల ఒక చేత్తో పట్టుకున్నాడు. ఈసారి ఖాళీ లేదు. ఫ్యాను వంక చూశాడు. పెదాలు కదిలాయి. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. అవి మెటికలు కావు.

అత్తయ్య చెప్పులు వేసుకోవడానికి బయటికి వెళ్ళింది. నేను ఆయన దగ్గరే నిలబడ్డాను. "మీకు తెలుసన్నమాట" అన్నాను.

"ఏందమ్మా?"

"మెడ అలా తిప్పితే ఏమవుతుందో."

ఆయన ప్లాస్టిక్ వెన్నెముక మీంచి ఉంగరం తీసి వేలికి పెట్టుకున్నాడు. "పెద్దావిడ తృప్తి కోసమమ్మా. బిడ్డకేం కాలేదుగా" అన్నాడు. కాస్త సిగ్గుపడ్డట్టే అనిపించింది. అంతలోనే తెర లాగి, "తరవాత ఎవరు, రండి" అన్నాడు.

ఏమీ తెలియని మనిషి అనుకున్నంతకాలం ఆయనంటే నాకు చులకన మాత్రమే. ఆ రోజు నుంచీ అసహ్యం. తెలియక చేస్తే క్షమించొచ్చు. ఆయనకి తెలుసు. తెలిసి, బిడ్డ దగ్గర భయపడి, అదే నిమిషంలో అదే చేతుల్తో ఇంకో మెడ పట్టుకున్నాడు. ఆయన నాకు చేసిన ఒక్క మేలు మోసం చెయ్యడమే. దానికి ఆయనకి రుణపడి ఉండాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

బాబు మెడ పాకే రోజులకి నిటారుగా నిలబడింది. బొమ్మ ఎడమవైపు ఆడించి ఆడించి నా చెయ్యి అరిగింది. అత్తయ్య మాత్రం ఊరంతా వెన్ను డాక్టరే నిలబెట్టాడని చెప్పుకుంది. పసిబిడ్డలతో ఎవరైనా వివరం అడగడానికి వస్తే వాళ్ళని వంటింట్లోకి పిలిచి అసలు సంగతి చెప్పి పంపేదాన్ని. అత్తయ్యకి మాత్రం చెప్పలేదు. చెప్తే నిజంగా తిప్పేవాణ్ణి వెతుక్కుంటూ ఇంకో ఊరు పోతుందని భయం.

ఇవాళ పాలప్యాకెట్లతో ఇంటికి వచ్చేసరికి ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కాయని మోకాలికి ఆనించి, కుడిచేత్తోనే తీస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దకర్మకి వెళ్ళాలి" అంది. "నా మనవడి మెడ నిలబెట్టిన చెయ్యి."

ఎందుకో ఇంక ఆగలేకపోయాను. ఆయన పోయాడు, వాడి మెడా నిలబడింది, ఇంక భయం దేనికి. "ఆ చెయ్యి మీ మనవణ్ణి ముట్టుకోలేదు అత్తయ్యా. నేను చూశాను. ఆయన తన వేలు విరిచాడు."

ఆవిడ తల ఎత్తలేదు. "తెలుసు" అంది.

"తెలుసా?"

"మెటిక చప్పుడు నాకు తెలవదంటావా? మీ ఆయన పుట్టినకాడి నించి విరుస్తున్నా. వేలు విరిగితే ఎట్టుంటదో, మెడ విరిగితే ఎట్టుంటదో నాకు తెలవదా?"

"మరి ఊరంతా ఎందుకు చెప్పుకున్నారు?"

"దిష్టి తీశాడనుకున్నా. బిడ్డకి తగ్గిందా లేదా?" కాయ పక్కన పెట్టింది. "ఒకటి చెప్పనా అమ్మాయ్. పసిబిడ్డ మెడ ముట్టుకోకూడదని తెలిసినోడు. డబ్బుకి ఆశపడి తిప్పలేదు. అంత తెలిసినోడు కాబట్టేగా, అదే రోజు నా మెడ ఆయన చేతుల్లో పెట్టా. ఒకేడు మీ ఆయన తీసుకెళ్తే, గుంటూరాయన నా మెడ ఎక్కడుందో కూడా చూళ్ళా."

నేను అసహ్యించుకున్నదీ ఆవిడ నమ్మిందీ ఒకే సంగతి.

చంకలోంచి దించగానే లోపలికి పోయిన బాబు పరుగెత్తుకొచ్చాడు. కొత్త నిక్కరు, నెత్తిన తిరగేసిన ప్లాస్టిక్ గిన్నె, టోపీ అట. అత్తయ్య ముఖం విప్పారింది. "నా తండ్రే, నా దిష్టే తగిలేట్టుంది" అంటూ రెండు చేతులూ వాడి ముఖం ముందు తిప్పి, కణతలకి ఆనించి నొక్కింది.

కుడివైపు మెటికలు టపటపా విరిగాయి. ఎడమవైపు ఏమీ రాలేదు.

మళ్ళీ నొక్కింది. ఎడమచేతి వేళ్ళు సరిగ్గా మడవలేదు. ఉంగరంవేలు, చిటికెనవేలు కణత పక్కన ఊరికే అలా నిలబడి ఉన్నాయి.

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"తిమ్మిరిలే. ఈ ఏడు కోతలప్పటి నించి. ఆఖరిసారి మెడ చూపించుకున్నాక." చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. "ఆయనకి చెప్పా. నరం మేలుకుంటోంది, మంచిదే అన్నాడు."

వయసు వల్లా రావచ్చు, కల్లంలో తల వంచుకున్నందువల్లా రావచ్చు. గుంటూరు డాక్టరు చెప్పాలి. మెడ తిప్పినవాణ్ణే అడుగుదామంటే ఫ్లెక్సీలో మనిషి నవ్వుతూ చేతులు జోడించి ఉన్నాడు.

"రేపు పొద్దున్నే గుంటూరు వెళ్దాం" అన్నాను.

"తిడతాడే ఆయన."

"తిట్టనివ్వండి. తిట్టాక, చెయ్యి పట్టుకుని చూసేదాకా నేను కుర్చీలోంచి లేవను."

ఆవిడ కొంగు కిందినించి ఎడమచెయ్యి తీసి, దాన్నే కొత్తగా చూస్తున్నట్టు చూసి, ఇంకోసారి కణతకి ఆనించి నొక్కింది. బాబు గిన్నె టోపీ కిందినించి చెవి పెట్టి విన్నాడు. చప్పుడు రాకపోయేసరికి, నానమ్మకి సాయం చేస్తున్నట్టు, వాడే నోటితో "టక్" అన్నాడు.

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.